అడుసు తొక్కిన పోనీకి కాలు కడగనేల?

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. తనకో తెల్ల పోనీ (పొట్టి జాతి గుర్రం) ఉంది, పేరు మల్లె. పగలంతా బయటే మేస్తుంది, రాత్రికి షెడ్డులోకి వస్తుంది. చలి మొదలైనప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒంటి నిండా బురదతో ఎదురొస్తోంది. చూడలేక గోరువెచ్చటి నీళ్లు, షాంపూ పెట్టి కడుగుతున్నాం. కడిగాక గంటల తరబడి ఆరడం లేదు, నిన్నయితే వణికింది కూడా. వెనక కాళ్లకు మడమల దగ్గర చిన్న చిన్న పక్కులు కనిపిస్తున్నాయి. పొట్ట కింద బ్రష్ పెడితే కరవడానికి వస్తోంది. ఇంత చేసినా పొద్దున్న వదలగానే వెళ్లి మళ్లీ బురదలో పొర్లుతుంది. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. రోజూ కడగాలా? రగ్గు కప్పాలా? మేం చేస్తున్న తప్పేమిటి?
— మల్లెకు అమ్మమ్మ వరసయ్యే ఒక తల్లి

జవాబు: అమ్మమ్మగారూ (వరస మీరే కలిపారు కాబట్టి ధైర్యంగా పిలుస్తున్నాను), ముందు ఆ బకెట్ పక్కన పెట్టండి. షాంపూ సీసాను ఎండలు వచ్చేదాకా అటక ఎక్కించేయండి. మీరు రాసిన కష్టాల్లో సగం ఆ నీళ్లతోనే వచ్చినట్టున్నాయి.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్నారు పెద్దలు. సామెతలో మొదటి సగం పోనీకి చెప్పి లాభం లేదు, అడుసు తొక్కక మానదు. రెండో సగం మాత్రం మన చేతిలోదే. కడగకండి, ఎండనివ్వండి. ఎండిన బురద పొడిపొడిగా రాలిపోతుంది. తడి బురదను రుద్దితే ఇసుకరేణువులతో సహా వెంట్రుకల సందుల్లోంచి చర్మం దాకా దిగుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ బయటికి లాగలేరు.

ఇవాళ సాయంత్రం మల్లె రాగానే ఒక పని చేయండి. వీపు మీద బురద బాగా పట్టిన చోట రెండు బొటనవేళ్లతో బొచ్చును పాయ తీసినట్టు విడదీసి చూడండి. పైన వెంట్రుకల కొసలు తడిసి, ముద్దలు కట్టి, మట్టికొట్టుకుని ఉంటాయి. కింద చర్మం దగ్గర మాత్రం చాలాసార్లు పొడిగానే ఉంటుంది. వేలు పెడితే వెచ్చగా తగులుతుంది. వేలు బయటికి తీశాక కొసన బూడిదరంగులో సన్నటి జిడ్డు కనబడుతుంది. అది చూసి ‘అయ్యో, ఎంత మురికో’ అనుకుంటాం. నిజానికి అది చర్మంలోంచి ఊరే నూనె, మల్లెకు రెయిన్‌కోటు లాంటిది. ఇక చలి వేసినప్పుడు బొచ్చు నిక్కబొడుచుకుని వెంట్రుకల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది. ఆ గాలే దుప్పటి. షాంపూ రెయిన్‌కోటును ఊడదీస్తుంది, నీళ్లు బొచ్చును చర్మానికి అతికించి దుప్పటిని లాగేస్తాయి. గోరువెచ్చటి నీళ్లే కదా అంటారేమో. పోసిన కాసేపటికే అవి చల్లారిపోతాయి, ఆపైన ఆవిరవుతూ ఒంట్లో వేడినే తీసుకుపోతాయి. నిన్న మీరు చూసిన వణుకు అదే.

ఆరోగ్యంగా ఉండి, ఒళ్లు పొడిగా ఉండి, కడుపు నిండా గడ్డి తింటున్న పోనీ సున్నా డిగ్రీల కన్నా దిగువన కూడా నిశ్చింతగా నిలబడుతుంది. చలి ఒంటరిగా వస్తే దానికి లెక్కే లేదు. వాననూ గాలినీ వెంటబెట్టుకుని వస్తేనే కష్టం.

నేనూ ఈ తప్పు చేసినవాడినే, కాకపోతే నీళ్లతో కాదు, బ్రష్‌తో. నా దగ్గర మొదటి పోనీ ఉన్న తొలి చలికాలం, మెత్తటి బాడీ బ్రష్ పట్టుకుని రోజూ అరగంట దువ్వేవాడిని. ఒళ్లు పట్టుచీరలా మెరిసేది. చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకునేవాళ్లు, నాకు కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఒకరోజు రాత్రంతా వాన పడింది. పొద్దున్నే వెళ్లి వీపు మీద చెయ్యి పెడితే, అరచేతికి నేరుగా చల్లటి తడి చర్మం తగిలింది. పక్క కంచెలో ఎవరూ ముట్టుకోని, అట్టలు కట్టిన ఓ ముసలి పోనీ ఉండేది. దాని బొచ్చులో వేలు పెట్టి చూశాను. లోపల పొడిగా, హాయిగా ఉంది. సన్నటి కుచ్చు దగ్గరదగ్గరగా ఉండే ఆ బ్రష్ రోజూ కాస్త కాస్త నూనె లాగేస్తోందని అప్పుడు తెలిసింది. ఆరుబయట తిరిగే పోనీకి చలికాలంలో ఆ బ్రష్‌ను ముఖానికి తప్ప వాడకండి.

మరి సాయంత్రం ఏం చేయాలి? మల్లె తడి బురదతో వస్తే అసలు బ్రష్ ముట్టుకోకండి. గాలి కొట్టని చోట కట్టి, ముందు గడ్డి వేయండి. పెద్ద తువ్వాలుతోనో, గుప్పెడు ఎండుగడ్డిని మెలి తిప్పి చేసిన చుట్టతోనో నీళ్లను అద్దినట్టు పీల్చండి. రుద్దొద్దు. తర్వాత వదిలేయండి. దట్టమైన బొచ్చు ఆరడానికి రెండు మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అమ్మాయి హోంవర్క్ ఆ టైమ్‌లో అయిపోతుంది. రాత్రయిపోయిందా, బురద మర్నాటి పొద్దున దాకా ఉన్నా నష్టం లేదు. ఒంటి మీది బురద పోనీకి ఇబ్బంది కాదు, మన కంటికే ఇబ్బంది.

ఎండాక పని సులువు. మెడ, భుజం, పిర్ర లాంటి కండ ఉన్న చోట్ల రబ్బరు దువ్వెనతో గుండ్రంగా తిప్పండి. పెళ్లలు చిట్లుతున్న చప్పుడు, అప్పడం విరిగినట్టు, చెవికి వినబడుతుంది. దుమ్ము లేస్తుంది కాబట్టి గాలివాలు చూసుకుని నిలబడండి, మొదటిరోజు అందరూ ఎదురుగాలికి నిలబడి కళ్లలో కొట్టించుకుంటారు. పెళ్లలు వదిలాక గట్టి బ్రష్‌తో వెంట్రుక వాలు వెంబడి, విసురుగా, మణికట్టు తిప్పుతూ దులపండి. బ్రష్‌ను ఒంటికి నొక్కితే దుమ్ము లోపలికి పోతుంది, చివర్లో పైకి విదిలిస్తే బయటికి వస్తుంది. నాలుగైదు సార్లకోసారి బ్రష్‌ను ఇనప దువ్వెన మీద గీకి దులుపుకోండి. ఆ ఇనప దువ్వెన ఉన్నది బ్రష్ శుభ్రం చేసుకోవడానికే. దాన్ని పోనీ ఒంటి మీద పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ముఖం, మోకాళ్ల కింది భాగం, వెన్నెముక పైన, తుంటి ఎముక దగ్గర రబ్బరు దువ్వెన వద్దు. అక్కడ చర్మం కింద కండ లేదు, నేరుగా ఎముకే. కళ్లకూ ముక్కుకూ తడి గుడ్డ ఒకటి, తోక కింద తుడవడానికి వేరే గుడ్డ ఒకటి. రెండూ కలిసిపోకుండా రంగులు వేరుగా పెట్టుకోండి. మీ దగ్గర ఇంకో పోనీ ఉంటే బ్రష్‌లు కూడా దేనివి దానికే. తామర లాంటివి బ్రష్‌ల మీద ఎక్కే ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి ప్రయాణం చేస్తాయి, ఆపైన మన చేతులకూ వస్తాయి.

స్వారీ లేని రోజున ఒళ్లంతా శుభ్రం చేయాల్సిన పనే లేదు. గిట్టలు చూడండి, కళ్లు తుడవండి, కాళ్లు తడిమి చూడండి, చాలు. స్వారీ ఉంటే మాత్రం మూడు చోట్ల ఒక్క రేణువు కూడా ఉండకూడదు: జీను కూర్చునే వీపు, పొట్ట చుట్టూ పట్టీ వచ్చే చోటు, కళ్లెం పట్టీలు తగిలే తల. అక్కడ మట్టి మిగిలితే తోలు కింద గరుకు కాగితంలా రుద్ది పుండు చేస్తుంది. ఆ చోట్లు ఇంకా తడిగా ఉంటే ఆ రోజు స్వారీ మానుకోవడమే మంచిది. అమ్మాయి అలుగుతుంది, అలగనివ్వండి. ఇంకో చిన్న మాట, కళ్లెం ఎక్కించే ముందు నోట్లో పెట్టే ఇనప కడ్డీని కాసేపు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టమనండి. చలిలో గడ్డకట్టినట్టున్న ఇనుమును నాలుక మీద పెడితే ఏ పోనీ మాత్రం నోరు తెరుస్తుంది?

ఇప్పుడు ఆ పక్కుల సంగతి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే. గిట్టకు పైన, మడమ వెనక వంపులో చర్మం పల్చగా, ముడతలుగా ఉంటుంది. రోజూ నాని, ఆరి, మళ్లీ నానితే అక్కడ సన్నగా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి సూక్ష్మజీవులు దూరతాయి. వాటిలో ముఖ్యమైనది డెర్మటోఫిలస్ కంగోలెన్సిస్ అనే బాక్టీరియా. తడి తగిలితే చాలు, దానికి ప్రాణం లేచొస్తుంది. కాళ్లకు వస్తే దీన్ని మడ్ ఫీవర్ అంటారు, పేరులో ఫీవర్ ఉన్నా మామూలుగా జ్వరం ఉండదు. అదే బాక్టీరియా వానలో నానిన వీపు మీద కూడా పక్కులు లేపుతుంది, అప్పుడు రెయిన్ స్కాల్డ్ అంటారు. తెల్ల బొచ్చు కింద గులాబీరంగు చర్మం ఉన్న కాళ్లకు ఈ బెడద ఎక్కువ. మల్లె తెల్లది కాబట్టి, కాళ్ల మీద చర్మం గులాబీరంగులో ఉంటే మీరు మరింత కనిపెట్టి ఉండాలి. సాయంత్రం బురద పట్టిన కాళ్లను మీరు కడిగి, తుడవకుండా వదిలి, మళ్లీ పొద్దున్నే బురదలోకి పంపుతున్నారు. అంటే ఆ మడమలు రోజు మొత్తంలో ఒక్కసారీ పూర్తిగా ఆరడం లేదన్నమాట.

పక్కులను గోళ్లతో పీకకండి. నొప్పి పుడుతుంది, కింద పచ్చిగా తేలుతుంది, రేపటి నుంచి కాలు పట్టుకోనివ్వదు. ఒకసారి పశువైద్యుడికి చూపించి, ఆయన చెప్పిన యాంటీసెప్టిక్‌ను చెప్పిన పాళ్లలోనే కలిపి పక్కులు మెత్తబడేలా తడపండి. వాటంతట అవి ఊడేవి ఊడతాయి. తర్వాత మందు పోయేలా కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్ది, తేమ అనేది లేకుండా ఆరబెట్టండి. కాళ్లకు నీళ్లు తగలడం నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనూ, ఏదైనా దెబ్బ తగిలిందేమో చూడాల్సి వచ్చినప్పుడూ మాత్రమే. అప్పుడు కూడా మోకాలి కిందికే, పైప్ ధార జోరుగా పెట్టకుండా. బురద అంటకుండా పూసే క్రీములు దొరుకుతాయి, మంచివే. కానీ శుభ్రంగా, పూర్తిగా పొడిగా ఉన్న చర్మానికే పూయాలి. తడి మీద పూస్తే లోపల మురికిని పెట్టి మూత బిగించినట్టే. మడమల వెనక పొడుగు వెంట్రుకలను కూడా కత్తిరించొద్దు, నీళ్లు చర్మానికి తగలకుండా కొసల మీదుగా కారిపోయేది వాటి వల్లే.

కాలు వాచినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కుంటినా, పక్కుల కింద చీము కనబడినా ఇంటి వైద్యం ఆపేసి అదే రోజు డాక్టర్ను పిలవండి. కాళ్లను మాటిమాటికీ నేలకేసి కొడుతూ, పళ్లతో కొరుక్కుంటూ ఉంటే కంటికి కనబడని పురుగులు కూడా పట్టి ఉండొచ్చు. దానికి మందు వేరు.

గిట్టలు రోజూ రెండుసార్లు చూడాలి. గీకే కొక్కేన్ని మడమ వైపు నుంచి ముందుకు నడపండి. గిట్ట అడుగున మధ్యలో త్రికోణంలా, రబ్బరులా మెత్తగా ఉండే భాగాన్ని పొడవకండి. దాని పక్క గాడుల్లో నల్లటి ముద్దలా ఏదైనా వచ్చి, కుళ్లు కంపు కొడితే బురదలో నాని నాని కుళ్లడం మొదలైందని అర్థం. ముక్కే ముందు పసిగడుతుంది. అమ్మాయికి ఒక నియమం గట్టిగా చెప్పండి: పోనీ కాళ్ల దగ్గర మోకాళ్లు ఆనించి కూర్చోకూడదు, బాసింపట్టు అసలే వద్దు. ఎప్పుడంటే అప్పుడు పక్కకు గెంతగలిగేలా గొంతుక్కూర్చోవాలి.

పొట్ట కింద కరవడానికి వస్తోందన్నారు. అది దాని పొగరు కాకపోవచ్చు. పొట్ట కింద చర్మం పల్చన, పైగా బురద అక్కడ వెంట్రుకల కొసలకు గోలీల్లా గట్టిపడి వేలాడుతుంది. గట్టి బ్రష్ తగిలిన ప్రతిసారీ ఆ గోలీలు వెంట్రుకలను కుదుళ్లతో లాగుతాయి. మీ జడలో చిక్కును ఎవరైనా అలా లాగితే మీరైనా ఊరుకుంటారా? అక్కడ బ్రష్ మానేసి ఉత్త చేతులు వాడండి. ఒక్కో పెళ్లను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే పిండిలా రాలుతుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఒంటి మీదే ఉంచండి, మీరెక్కడున్నారో దానికి తెలుస్తుంది. చెవులు వెనక్కి వాల్చిందంటే చెప్పాల్సింది చెప్పేసిందన్నమాట, పళ్ల దాకా రానివ్వకండి. వారం పది రోజులు ఇలా చేసినా ఊరుకోకపోతే నొప్పి ఇంకెక్కడో ఉందేమో డాక్టర్‌కు చూపించాలి.

దాన్ని మంచి చేసుకోవడానికి ఒక కిటుకు ఉంది. గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మెడ అడుగున, భుజాల మధ్య మూపురం దగ్గర ఇంకోటి పళ్లతో గోకడం చూసే ఉంటారు. ఆ చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని, ఫ్రాన్స్‌లోని కమార్గ్ జాతి గుర్రాలను పరిశీలించిన పరిశోధకులు 1993లో ప్రచురించారు. కాబట్టి బ్రష్ తీసే ముందు రెండు నిమిషాలు అక్కడ వేళ్లతో గోకమనండి. మల్లె పై పెదవి ముందుకు సాగి వణకడం మొదలుపెడితే పని మొదలుపెట్టొచ్చు.

తోక, జూలు తడిగా ఉన్నప్పుడు దువ్వితే తెగుతాయి. ఎండాక వేళ్లతో, కింది నుంచి పైకి చిక్కు తీసుకుంటూ రండి. అంతే.

రగ్గు సంగతి. ముసలిది, బక్కచిక్కినది, జబ్బుపడింది, బొచ్చు కత్తిరించినది అయితే రగ్గు కావాలి. దట్టమైన బొచ్చుతో, తలదాచుకోవడానికి షెడ్డు ఉన్న మల్లెకు మామూలుగా అక్కర్లేదు. రగ్గు బరువుకు బొచ్చు అణిగిపోయి, ఇందాక చెప్పిన గాలి దుప్పటి పని చేయదు. ఎప్పుడైనా తడిసి వణుకుతుంటే మాత్రం వీపు మీద ఎండుగడ్డి మందంగా పరిచి, దాని పైన చెమ్మను బయటికి వదిలే రగ్గు కప్పండి. గడ్డి సందుల్లోంచి గాలి ఆడి ఒళ్లు ఆరుతుంది, ఆరాక రెండూ తీసేయండి. గాలి ఆడని రగ్గును తడి ఒంటి మీద కప్పడం, తడి బట్టలను ప్లాస్టిక్ సంచిలో మూట కట్టడం ఒకటే.

లోపలి వేడికి గడ్డే కట్టెలు. పేగుల్లో ఎండుగడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి రాత్రంతా ఒళ్లు కాస్తుంది. 200 కిలోల పోనీకి రోజుకు 3 నుంచి 4 కిలోల ఎండుగడ్డి అని లెక్క పెట్టుకోండి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత చలికాలంలో నిందగా అనకూడదు. ఇక దట్టమైన బొచ్చు మనల్ని మోసం చేస్తుంది. బయటికి బొద్దుగా కనబడుతూనే లోపల చిక్కిపోతుంది. అందుకే వారానికోసారి బొచ్చులోకి వేళ్లు దూర్చి పక్కటెముకలు తడమండి. కాస్త నొక్కితే తగిలితే సరే, నొక్కకుండానే తీగల్లా తగిలితే మేత చాలడం లేదు. బురద దులిపే పనికి ఇది కూడా చేర్చుకోండి. నన్నడిగితే మెరుపు కన్నా ఇదే ముఖ్యం.

వీలుంటే బురదను మూలంలోనే చూడండి. బురద ఎక్కువయ్యేది గేటు దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర, గడ్డి వేసే చోట. గడ్డి వేసే చోటును మెరక మీదికి మార్చండి, గేటు దగ్గర కంకర గానీ చెక్కపేళ్లు గానీ పోయించండి. రోజులో కొన్ని గంటలైనా మల్లె పొడి నేల మీద నిలబడగలిగితే ఆ మడమలు సగం వాటంతట అవే మానతాయి.

తెల్ల బొచ్చు మీది పసుపు మరకలకు తడి గుడ్డతో ఓ తుడుపు చాలు. మల్లె కొన్నాళ్లు కనకాంబరంలా కనిపిస్తుంది, ఎండలు వచ్చాక తీరిగ్గా స్నానం చేయించుకోవచ్చు.

చివరగా అమ్మాయి ఏడుపు సంగతి. దువ్వి వదలగానే వెళ్లి పొర్లడం మన మీద కక్షతో కాదు. బురద పూత గాలినీ పురుగులనూ ఆపుతుంది, వీపు దురదా తీరుతుంది. ఈసారి పొర్లుతున్నప్పుడు కంచె దగ్గర నిలబడి చూడమనండి. ఒకటి రెండు సార్లు అటూ ఇటూ దొర్లి, లేచి, ఒళ్లంతా కుక్కలా విదిలించుకుని మేతకు పోతే అంతా బాగున్నట్టే. లేచాక దులుపుకోకుండా, మళ్లీ మళ్లీ పడుకుని లేస్తూ, పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ, మేత ముట్టకుండా ఉంటే కడుపునొప్పి కావొచ్చు. అలాంటప్పుడు బురద సంగతి మర్చిపోయి, నేరుగా మీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి డాక్టర్‌కు ఫోన్ చేయించమని ముందే చెప్పి పెట్టండి.